మీరు కొనేది ఫ్లాటా, బిల్డర్‌కి ఇచ్చే అప్పా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మావారు ఫార్మా కంపెనీలో చేస్తారు. ఇద్దరి జీతం కలిపి చేతికి నెలకు లక్షా 10 వేలు వస్తుంది. ప్రగతినగర్‌లో 19 వేల అద్దెకు ఉంటున్నాం. బాబు నాలుగో తరగతి. ఖర్చులు పోను నెలకు 30 వేలు దాచగలుగుతున్నాం. ఎఫ్‌డీల్లో 16 లక్షలు ఉన్నాయి. మా అమ్మ ఊళ్లో స్థలం అమ్మి 10 లక్షలు ఇస్తానంటోంది. నా బంగారం జోలికి పోకూడదని ముందే అనుకున్నాం.

ఇప్పుడు రెండు బేరాలు ఉన్నాయి. మా ఆడపడుచు భర్త ఒక ప్రీ లాంచ్ (అనుమతులు రాకముందే అమ్మే) ప్రాజెక్టు చూపించారు. అడుగు 3,900 చొప్పున 1,300 అడుగులు, మొత్తం 50 లక్షల 70 వేలు ఒకేసారి కట్టాలి. నాలుగేళ్లలో ఇస్తారట. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు త్వరలో వస్తుందట, అప్పటివరకు ఎంఓయూ (ఒప్పంద పత్రం) రాసిస్తారట. రెండోది నిజాంపేటలో తొమ్మిదేళ్ల పాత ఫ్లాట్. ఐదంతస్తుల్లో నాలుగోది, 1,180 అడుగులు, 66 లక్షలకు దిగారు. ఓనరు అమెరికాలో ఉంటాడు, తండ్రికి జీపీఏ (తన తరఫున సంతకం చేసే అధికారపత్రం) ఇచ్చాడు. రిజిస్ట్రేషన్ 42 లక్షలకు చేయించి మిగతాది క్యాష్ ఇమ్మంటున్నారు. మా అత్తయ్యగారేమో పాతదానికి దక్షిణ ద్వారం ఉంది, వద్దంటున్నారు. పైగా అద్దె కట్టడం బూడిదలో పోసిన పన్నీరని రోజూ అంటారు. ఏం చెయ్యమంటారు? ఇల్లు ఎవరి పేరున పెట్టుకోవాలి?

- ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: ముందు ఆ ప్రీ లాంచ్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే దాని మీద నాకు ఏ అనుమానమూ లేదు. వద్దు.

మీరు బ్యాంకుకు వెళ్లి 50 లక్షలు అప్పు కావాలంటే ఏం చేస్తారు? ముప్ఫై ఏళ్ల కాగితాలు తెమ్మంటారు, లాయరుకు పంపిస్తారు, ఇంజనీరును పంపి గోడలు కొలిపిస్తారు, ఇద్దరి జీతం స్లిప్పులు చూస్తారు, చివరికి ఒరిజినల్ దస్తావేజులు లాకర్లో పెట్టుకుని అప్పుడు ఇస్తారు. ఇప్పుడు ఆ బిల్డర్ మీ దగ్గర 50 లక్షలు అడుగుతున్నాడు. మీరు ఇచ్చేది వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఎంఓయూ చూసి. ఫ్లాట్ లేదు, పర్మిషన్ లేదు, స్థలం ఆయన పేరునే ఉందో, అగ్రిమెంటు మీదే ఉందో మీకు తెలియదు. అది కొనుగోలు కాదు. వడ్డీ లేకుండా, తాకట్టు లేకుండా, నాలుగేళ్లకు బిల్డర్‌కి మీరిచ్చే చేబదులు. అడుగు 3,900కే ఎందుకిస్తున్నాడంటే, ఆ చుట్టుపక్కల రేటుకూ దీనికీ ఉన్న తేడాయే ఆయన మీకిస్తున్న వడ్డీ. ఇల్లు వస్తేనే అది మీకు ముడుతుంది.

2016లో వచ్చిన రెరా చట్టం ఈ పని చేయొద్దనే చెబుతోంది. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోనో, ఎనిమిది ఫ్లాట్లకు మించో కడుతుంటే, రిజిస్ట్రేషన్ నంబరు రాకుండా అమ్మకూడదు, బుకింగ్ తీసుకోకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. నంబరు వచ్చాక కూడా, రిజిస్టర్ చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొన్నవాళ్లు కట్టిన డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచి ఆ ప్రాజెక్టు స్థలానికీ నిర్మాణానికే వాడాలి. మీ దగ్గర ముందే నూరు శాతం తీసుకుంటే ఈ కట్టుబాట్లలో ఏదీ పాటించనట్టే. మీ డబ్బు ఇంకోచోట ఇంకో స్థలానికి అడ్వాన్సుగా వెళ్లిపోయినా మీకు తెలిసే దారి లేదు. ‘రెరాకి అప్లై చేశాం’ అన్న మాటకు విలువ లేదు. నంబరు తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో కొడితే కనబడాలి, అంతే.

ఇంకొకటి. దీనికి హోమ్ లోన్ రాదు. మీ దగ్గర 26 లక్షలున్నాయి, మిగతా 25 లక్షలు ఎక్కడినుంచి? పర్సనల్ లోన్ అయితే 13 శాతం వడ్డీకి ఐదేళ్లకు నెలకు దాదాపు 57 వేలు. ఇల్లు రాలేదు కాబట్టి అద్దె 19 వేలు ఎలాగూ ఉంటుంది. లక్షా 10 వేలలో 76 వేలు ఈ రెంటికే పోతే మిగిలిన 34 వేలతో స్కూలు ఫీజు, కిరాణా, పెట్రోలు, పండగలు. ఒక్క నెల ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే చాలు, వద్దనుకున్న బంగారమే బయటికి తీయాల్సి వస్తుంది.

మీ ఆడపడుచు భర్త మాట తీసెయ్యడం కష్టమని తెలుసు. ఆయన చెడు ఉద్దేశంతో చెప్పారని నేను అనను. కానీ రెండు మాటలు మర్యాదగానే అడగొచ్చు: ‘మీరు కూడా తీసుకున్నారా, రసీదు ఒకసారి చూపిస్తారా?’, ‘ఇందులో మీకు కమిషన్ ఏమైనా ఉందా?’ రెండోది అడగడానికి మొహమాటమైతే మీవారిని అడగమనండి. అసలు ఇంటిపోరు లేని మార్గం ఒకటుంది. ఆ ప్రాజెక్టు పేరు పట్టుకుని మీ జీతం పడే బ్యాంకుకే వెళ్లి హోమ్ లోన్ అడగండి. వాళ్లు కుదరదంటారు. ‘బ్యాంకువాళ్లు ఒప్పుకోవట్లేదు అన్నయ్యా’ అంటే ఎవరికీ మనసు నొచ్చుకోదు.

ఇక నిజాంపేట ఫ్లాట్. ఇది మంచి బేరం కావచ్చు, కాకపోనూ వచ్చు. తేల్చేది కాగితాలే, పైన వేసిన కొత్త పెయింట్ కాదు.

తొమ్మిదేళ్ల కిందట నిజాంపేట ఇంకా గ్రామ పంచాయతీ. మున్సిపల్ కార్పొరేషన్ అయింది 2019లో. కాబట్టి మొదట అడగాల్సిన ప్రశ్న: ఈ బిల్డింగుకి పర్మిషన్ ఇచ్చింది ఎవరు? హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధిలో పంచాయతీ ఇవ్వగలిగింది చిన్న స్థలంలో జీ ప్లస్ 2 (కింద ఒకటి, పైన రెండు అంతస్తులు) వరకే. ఆ రోజుల్లో పంచాయతీ కాగితం పెట్టుకుని నాలుగు, ఐదు అంతస్తులు లేపేసినవి ఆ చుట్టుపక్కల బోలెడు. మీరు చూసిన ఫ్లాట్ నాలుగో అంతస్తులో ఉంది, అంటే సరిగ్గా ఆ లేపేసిన భాగంలో ఉండే అవకాశం ఉంది. హెచ్‌ఎండీఏ మంజూరు ప్లాను కాపీ అడగండి, అందులో ఎన్ని అంతస్తులు గీశారో, మీ ఫ్లాట్ నంబరు ఉందో లేదో వేలు పెట్టి చూడండి. ‘బీఆర్‌ఎస్ (అనుమతి లేని కట్టడాల క్రమబద్ధీకరణ) కట్టేశాం’ అని రసీదు చూపిస్తే అది దరఖాస్తు రసీదు మాత్రమే. 2015లో వచ్చిన ఆ స్కీము కోర్టులో చిక్కుకుపోయింది.

ఆ తర్వాత ఓసీ. అంటే ప్లాను ప్రకారమే కట్టారని మున్సిపాలిటీయో హెచ్‌ఎండీఏయో ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. ఇందులో ఒక కిటుకుంది. బిల్డరు ప్లాను తప్పకుండా ఉండాలని, కట్టిన మొత్తంలో 10 శాతం భాగాన్ని పర్మిషన్ ఇచ్చిన సంస్థకు తనఖా పెట్టించుకుంటారు. ఓసీ వస్తేనే దాన్ని విడిపిస్తారు. ఓసీ లేని బిల్డింగుల్లో రెండు మూడు ఫ్లాట్లు ఇప్పటికీ ఆ తనఖాలోనే ఉంటాయి, వాటినే తెలియనివాళ్లకు అమ్మేసిన సందర్భాలూ ఉన్నాయి. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాల జాబితా, తీస్తే ఇది బయటపడుతుంది. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి ఈసీ చూసుకోవచ్చు. ఫ్లాట్ నంబరుతో ఒకసారి, సర్వే నంబరుతో ఒకసారి, రెండూ తీయండి. స్థలం ఓనరుకూ బిల్డరుకూ మధ్య డెవలప్‌మెంట్ అగ్రిమెంటు ఉంటుంది. ఎవరి వాటాకు ఏ ఫ్లాట్లు అని అందులోనో, తర్వాత రాసుకున్న కాగితంలోనో ఉంటుంది. మీది ఓనరు వాటా ఫ్లాట్ అయివుండి మొదటి అమ్మకం బిల్డరు ఒక్కడే చేసి ఉంటే అక్కడ ఆగిపోండి.

ప్రగతినగర్‌లో ఉంటున్నారు కాబట్టి చెరువుల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అంబీర్ చెరువు మీ పక్కనే ఉంది. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపుల్లో ఈ సర్వే నంబరు ఎఫ్‌టీఎల్‌లోనో (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు), బఫర్‌లోనో (దాని చుట్టూ కట్టకూడని మేర) పడుతుందేమో చూడండి. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఇది పక్కన పెట్టే విషయం కాకుండా పోయింది.

ఇవన్నీ మీరే చదివి తేల్చుకోవాలని కాదు. బ్యాంకు లాయరు చూస్తాడు కదా అని వదిలెయ్యకుండా, మీ సొంతంగా ఒక లాయరుకు ఫీజు ఇచ్చి ఒపీనియన్ రాయించుకోండి. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు అప్పు గట్టిదా కాదా అని. అది మీ ప్రశ్నకు దగ్గరి ప్రశ్నే, కానీ అదే ప్రశ్న కాదు.

జీపీఏ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. కొడుకు అమెరికాలో సంతకం చేసిన జీపీఏ అయితే, అక్కడి మన కాన్సులేట్‌లో అటెస్ట్ అయ్యిందా, ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టారా చూడాలి. అందులో ఈ ఫ్లాట్ నంబరు రాసి, ‘అమ్మడానికి, రిజిస్టర్ చేయడానికి’ అని స్పష్టంగా ఉండాలి. చూసుకోవడానికి, అద్దెకివ్వడానికి ఇచ్చిన జీపీఏతో అమ్మడం కుదరదు. ఆ అబ్బాయితో వీడియో కాల్‌లో మాట్లాడండి, తన ఫ్లాట్ మీకు అమ్ముతున్నట్టు ఒక మెయిల్ పెట్టమనండి. డబ్బు తండ్రి ఖాతాలో కాదు, కొడుకు ఎన్ఆర్‌ఓ (విదేశాల్లో ఉండేవాళ్లకు ఇక్కడుండే బ్యాంకు) ఖాతాలో వేయండి.

ఇక్కడే చాలామంది దెబ్బతినేది ఇంకోటుంది: టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను. ఇక్కడ ఉండేవాళ్ల దగ్గర 50 లక్షలు, ఆపైన పెట్టి కొంటే 1 శాతం పట్టుకుని ఇన్‌కమ్ ట్యాక్స్‌కు కట్టాలి, అది అందరికీ తెలుసు. అమ్మేవాడు ఎన్ఆర్ఐ అయితే ఆ 1 శాతం లెక్క చెల్లదు. చాలా ఎక్కువ పట్టుకోవాలి. లాభం తక్కువే కాబట్టి తక్కువ పట్టుకోండని ఇన్‌కమ్ ట్యాక్స్ శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాల్సింది అమ్మేవాళ్లు. మీరు పట్టుకోకుండా మొత్తం ఇచ్చేస్తే, రేపు శాఖ వసూలు చేసేది మీ దగ్గరే. అతను అమెరికాలో ఉంటాడు, మీరు నిజాంపేటలో దొరుకుతారు. ఈ ఒక్క పనికి ఒక సీఏని పెట్టుకోండి, అగ్రిమెంటుకు ముందే.

42 లక్షల రిజిస్ట్రేషన్ విషయానికొస్తే, ఇది మీ వల్ల కాదు. ధర్మం సంగతి పక్కన పెట్టి లెక్కే చూడండి. 30 లక్షల నుంచి 75 లక్షల మధ్య అప్పులకు ఆస్తి విలువలో 80 శాతం దాకానే ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. దస్తావేజు 42 లక్షలు చూసి బ్యాంకు 80 శాతం ఇస్తే వచ్చేది 33 లక్షల 60 వేలు. మిగిలిన 8 లక్షల 40 వేలు మీరు పెట్టాలి, దానిపైన 24 లక్షల క్యాష్. మొత్తం 32 లక్షల 40 వేలు. మీ దగ్గర ఉన్నది 26. రిజిస్ట్రేషన్ ఖర్చు ఇంకా కలపనే లేదు.

సరే, డబ్బు ఎలాగో సర్దారనుకుందాం. రిజిస్ట్రేషన్ ఖర్చు తెలంగాణలో దాదాపు 7.5 శాతం, కాబట్టి 24 లక్షల మీద మీకు మిగిలేది లక్షా 80 వేలు. కానీ ఎప్పుడైనా మీరు ఈ ఇల్లు అమ్మితే కొన్న ధర 42 అనే లెక్క. ఆ 24 లక్షలు కూడా లాభంగా కనబడితే, 12.5 శాతం చొప్పున పన్ను 3 లక్షలు. అంటే వాళ్ల పన్ను మీ నెత్తిన వేసుకున్నట్టు. పైగా స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆపైన క్యాష్ తీసుకోవడమే చట్టప్రకారం తప్పు. ‘పూర్తి ధర కాగితం మీద ఉంటేనే మాకు లోన్’ అని చెప్పండి. ఎన్ఆర్ఐ అమ్మకంలో డబ్బు బ్యాంకు ద్వారా వస్తేనే దాన్ని అతను అమెరికా పంపించుకోవడం తేలిక, ఆ మాట కూడా తండ్రి చెవిన వేయండి. చాలాసార్లు పని చేస్తుంది.

పూర్తి ధరకు ఒప్పుకుంటే మీ లెక్క ఇలా ఉంటుంది. ధర 66, రిజిస్ట్రేషన్ దాదాపు 4.95, బ్రోకర్‌కి 1 శాతం 66 వేలు, లాయరు, సీఏ, బ్యాంకు ఖర్చులు 60 వేలు, పెయింటింగు, చిన్న రిపేర్లు, సామాను మార్చడం 2 లక్షలు. అన్నీ కలిపితే 74 లక్షల పైచిలుకు. 52 లక్షల లోన్ వస్తే మీ చేతి నుంచి 22 లక్షల చిల్లర పోయి, 26లో 3 లక్షల 80 వేలు మిగులుతుంది. ఆ మిగిలినది ఎఫ్‌డీలోనే ఉంచండి. దాన్ని మాడ్యులర్ కిచెన్ కింద మార్చకండి, ఎవరెంత చెప్పినా. అది మీ ఎనిమిది నెలల ఈఎంఐ.

52 లక్షలకు 20 ఏళ్లు, 8.5 శాతం వడ్డీ వేస్తే నెలకు 45 వేలు. మీ బ్యాంకు ఇవాళ ఇంతకంటే తక్కువ వడ్డీ చెప్పొచ్చు. నేను కావాలనే ఎక్కువ వేశాను. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద వడ్డీ) రెండున్నర శాతం పెరిగింది. అప్పటికే లోన్లు నడుస్తున్న చాలామందికి ఈఎంఐ మారలేదు, ఎన్నేళ్లు కట్టాలన్నది మాత్రం చెప్పాపెట్టకుండా పెరిగిపోయింది. ఇప్పుడు అలా పెంచేముందు ఈఎంఐ పెంచుకుంటారా, కాలం పెంచుకుంటారా అని బ్యాంకు మిమ్మల్ని అడగాలి. అడిగినప్పుడు, కుదిరితే ఈఎంఐ పెంచుకోండి.

ఇప్పుడు అద్దె 19 వేలు, దాచేది 30 వేలు, రెండూ కలిపి 49 వేలు. ఈఎంఐ, మెయింటెనెన్సు కలిపి 48 వేలు. సరిపోయింది, కానీ పెద్దగా ఖాళీ లేదు. అందుకే బోనస్‌గానీ ఇంక్రిమెంట్‌గానీ వచ్చినప్పుడు ఏడాదికి ఒక ఈఎంఐ అదనంగా కట్టండి. 20 ఏళ్ల లోన్ మూడేళ్లకు పైగా ముందే తీరుతుంది. ఫ్లోటింగ్ వడ్డీ హోమ్ లోన్‌కు ముందుగా కడితే పెనాల్టీ ఉండదు. బ్యాంకు ఇంజనీరు ఈ ఫ్లాట్‌కు 60 లక్షలే విలువ కడితే మాత్రం లోన్ 48కే ఆగిపోతుంది, అప్పుడు మీ ఎఫ్‌డీ సున్నా. ఆ పరిస్థితి వస్తే ధర తగ్గించమనండి, లేదంటే వదిలెయ్యండి. అందుకే అగ్రిమెంటులో ఒక వాక్యం ఉండాలి: లోన్ మంజూరు కాకపోయినా, లీగల్‌లో లోపం తేలినా, అడ్వాన్సు మొత్తం ఇన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి అని. ఇది రాయకుండా టోకెన్ అడ్వాన్సు 50 వేలు కూడా ఇవ్వకండి.

కాగితాల కంటే ముందే, ఖర్చు లేకుండా చేయగలిగిన పని ఒకటుంది. ఈ ఆదివారం ఆ అపార్ట్‌మెంట్‌కి బ్రోకర్ లేకుండా వెళ్లి వాచ్‌మన్‌తో కాసేపు కూర్చోండి. చాలా చోట్ల అతని దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది, ఏ రోజు ఎన్ని వాటర్ ట్యాంకర్లు వచ్చాయో రాసి సంతకాలు పెట్టించుకుంటారు. ఏప్రిల్, మే పేజీలు తిప్పండి. రోజుకు రెండు ట్యాంకర్లు కనబడితే ‘మెయింటెనెన్స్ రెండున్నర వేలే’ అని బ్రోకర్ చెప్పింది ఎండాకాలానికి వర్తించదన్నమాట. తర్వాత పై అంతస్తు వాళ్ల తలుపు కొట్టి, వాళ్ల బాత్రూం కింద మీ సీలింగ్ ఎలా ఉందో గుర్తుపెట్టుకుని మాట్లాడండి. నేను నా మొదటి ఇల్లు చూసినప్పుడు బెడ్‌రూంలో ఒక్క గోడకే కొత్త రంగు వేసి ఉంది. ఓనరు ‘పాపకి పింక్ ఇష్టమండీ’ అన్నాడు, నేను ముచ్చటపడ్డాను. ఆషాఢం రాగానే ఆ గోడ చెమర్చింది. పాప ఎప్పుడో పెళ్లి చేసుకుని వెళ్లిపోయిందని తర్వాత తెలిసింది.

టేప్ కూడా పట్టుకెళ్లండి. 1,180 అడుగులంటే కామన్ ఏరియా కలిపి. గోడల మధ్య కొలిస్తే బహుశా 850, 900 ఉంటుంది. దస్తావేజులో మీ వాటా స్థలం ఎన్ని గజాలో చూడండి. బిల్డింగు పాతబడుతుంది, నిలిచేది ఆ గజాలే.

పేరు సంగతి. ఇద్దరి పేరునా రాయించుకోండి, మీ పేరు ముందు. అమ్మ 10 లక్షలు మీ ఖాతాలోకి బ్యాంకు ద్వారానే రావాలి, అక్కడినుంచే కట్టాలి. లోన్‌లో మీరు సహ రుణగ్రహీత అయి, దస్తావేజులో పేరు లేకపోతే, మీకు అప్పు ఉంటుంది, ఇల్లు ఉండదు. ఇది మీవారి మీద అనుమానంతో చెప్పే మాట కాదు. పాత పన్ను విధానంలో ఉంటే వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల మినహాయింపు ఇద్దరికీ విడివిడిగా వస్తుంది, కొత్త విధానంలో సొంతంగా ఉండే ఇంటికి రాదు.

మీ అత్తయ్యగారి మాటల్లో అద్దె గురించినది మాత్రం నేను ఒప్పుకోను. ఏడాదికి 2 లక్షల 28 వేల అద్దె, 66 లక్షల ఇంటి మీద మూడున్నర శాతం కూడా లేదు. అంత చవకగా ఇంకెవరూ మీకు ఇల్లివ్వరు. కాబట్టి ఈ ఫ్లాట్ కాగితాలు తేడా వస్తే కంగారుపడి ఇంకోటి పట్టుకోవాల్సిన అవసరం లేదు. ఇంకో ఏడాది ఇక్కడే ఉండి 3 లక్షల 60 వేలు దాచుకోండి.

దక్షిణ ద్వారం మీద ఆవిడతో వాదన పెట్టుకోకండి. అమ్మేవాళ్ల దగ్గర అదే పట్టుకుని ఒకటి రెండు లక్షలు తగ్గించమనండి, ఈ నగరంలో ఆ కారణానికి ధర తగ్గుతుంది. రేపు మీరు అమ్మేటప్పుడు కూడా తగ్గుతుందని గుర్తుంచుకుని బేరం చేయండి. ఆవిడను కూడా ఒకసారి తీసుకెళ్లి చూపించండి. సాయంత్రం ఆరున్నరకు, పంపు తిప్పితే నీళ్లు వచ్చే వేళకి.